గ్రాండ్ ప్రి వెనుక నేల కథ

భారత గడ్డపై ఫార్ములా వన్ చివరి పోటీ 2013 అక్టోబరు 27న జరిగింది. ఆ పోటీల గురించిన అతి ముఖ్యమైన తీర్పు మాత్రం 2017 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టులో వెలువడింది. కార్లు పెట్టెల్లో సర్దుకుని వెళ్లిపోయి అప్పటికి మూడున్నరేళ్లు. జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్ ధర్మాసనం తేల్చవలసివచ్చిన ప్రశ్న పైకి చాలా చిన్నది. ఏడాదికి మూడు రోజులు మాత్రమే పరుగు పెట్టే ఒక విదేశీ వ్యాపారానికి గ్రేటర్ నోయిడాలోని బుద్ధ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ‘శాశ్వత వ్యాపారస్థానం’ అవుతుందా, కాదా? అవుతుందని కోర్టు చెప్పింది. రోజులెన్ని అన్నది కాదు, ఆ రోజుల్లో ఆ స్థలం ఎవరి ఆధీనంలో ఉందన్నదే కొలమానమన్నది.

ఈ తీర్పు తరువాత ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. పన్నుల శాఖ మొండితనం వల్లనే ఇండియన్ గ్రాండ్ ప్రి చచ్చిపోయిందని క్రీడాభిమానులు, పారిశ్రామిక వర్గాలు, ఆంగ్ల పత్రికలు ఒకే గొంతుతో చెబుతూ వచ్చాయి. అందులో అబద్ధం లేదు గానీ నిజం సగమే ఉంది. పన్నులు ఆ పోటీ ఆయుష్షును తగ్గించి ఉండవచ్చు. అది పుట్టిన జాతకం వేరు. ఆ పోటీ క్రీడాశాఖ దస్త్రంలోంచి గానీ, మోటారు పందేల క్లబ్బుల్లోంచి గానీ పుట్టలేదు. ఒక రహదారి ఒప్పందానికి అనుబంధంగా వచ్చిన భూముల్లోంచి పుట్టింది.

మోటారు పందేలకు మన దేశంలో ఒక చరిత్ర ఉంది. అది ఎక్కువ భాగం దక్షిణాదిది. మద్రాసు నగరానికి ఉత్తరాన షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే ఒకటి ఖాళీగా పడి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు అక్కడ పందేలు నిర్వహించింది. రాజకుటుంబీకులు, మిల్లు యజమానుల పిల్లలు విదేశీ కార్లతో వస్తే, మెకానిక్కులు తమ చేతులతో మార్చుకున్న దేశీయ బండ్లతో వచ్చేవారు. విజయ్ మాల్యా యువకుడిగా ఫార్ములా కారు నడిపిందీ అక్కడే. 1990లో శ్రీపెరంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ మారుతి ఇంజను అమర్చి చౌకలో ఒక రేసింగ్ కారును రూపొందించాడు. ఒక తరం యువకులు దానిలో కూర్చునే పందెం నేర్చుకున్నారు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కోయంబత్తూరువాడు కావడం, 2010లో రెండవవాడైన కరుణ్ చాంధోక్ చెన్నైవాడు కావడం కాకతాళీయం కాదు. ఆట ఎక్కడ పెరిగిందో ఆటగాళ్లు అక్కడి నుంచే వచ్చారు. జాతీయ గ్రాండ్ ప్రి మాత్రం ఆ దరిదాపులకు కూడా పోలేదు.

పోటీ కోసం నగరాలు వరుసకట్టడం 1990ల చివరిలో మొదలైంది. కలకత్తా పేరు వినిపించింది, బెంగళూరు పేరు వినిపించింది. అన్నిటికన్నా గట్టిగా వినిపించిన పేరు హైదరాబాద్. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు గోపనపల్లి ప్రాంతంలో ట్రాక్ నిర్మించి 2007 నాటికి తొలి పోటీ జరపాలని సంకల్పించారు. హైటెక్ సిటీ తరువాత ప్రపంచం దృష్టిని హైదరాబాద్ వైపు తిప్పే పెద్ద గుర్తు ఫార్ములా వన్ అవుతుందని ఆనాటి ప్రభుత్వం నమ్మింది. అవి అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో వరుస కరువుల సంవత్సరాలు. రైతుల ఆత్మహత్యల వార్తలు, కార్ల పందేల వార్తలు ఒకే పేజీలో అచ్చయ్యేవి. ప్రతిపక్షానికి అంతకన్నా సులువైన పోలిక ఏం కావాలి? 2004 మేలో ప్రభుత్వం మారింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఆ ప్రతిపాదన అటకెక్కింది.

ఆ రోజుల్లోనే క్రీడల పేరిట మరో ఒప్పందం జరిగింది. ఐఎంజి భారత అనే సంస్థకు 2003-04లో క్రీడా అకాడమీల కోసం హైదరాబాద్ చుట్టుపక్కల 850 ఎకరాలు కేటాయించారు. అందులో 400 ఎకరాలు కంచ గచ్చిబౌలిలోవి. 2006లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కేసు 2024 దాకా నడిచి హైకోర్టులో, పిమ్మట సుప్రీంకోర్టులో ప్రభుత్వానికి అనుకూలంగా తేలింది. 2025 ఏప్రిల్‌లో చెట్ల నరికివేతపై విశ్వవిద్యాలయ విద్యార్థులు రోడ్డెక్కితే సుప్రీంకోర్టు స్వయంగా జోక్యం చేసుకుని ఆపించిన కంచ గచ్చిబౌలి భూమి ఇదే. ఒక్క క్రీడాకారుడూ పరుగెత్తని ఆ నేల మీద రెండు దశాబ్దాల పాటు న్యాయవాదులు పరుగెత్తారు. గోపనపల్లి ట్రాక్ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం అనవసరం. అయితే ‘క్రీడ’ అనే మాట తగిలించగానే భూమి విలువ, దానిపై ప్రశ్నలు అడిగే అధికారం రెండూ మారిపోతాయన్న సంగతి ఆంధ్రప్రదేశ్ కన్నా ఉత్తరప్రదేశ్ మరింత బాగా గ్రహించింది.

అక్కడి కథ 2003 ఫిబ్రవరి 7న మొదలవుతుంది. మాయావతి ముఖ్యమంత్రి. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా 165 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే నిర్మించేందుకు జైప్రకాశ్ గౌర్ స్థాపించిన జేపీ గ్రూప్‌తో ఒప్పందం కుదిరింది. సర్దార్ సరోవర్, టెహ్రీ ఆనకట్టల పనులతో పేరు తెచ్చుకున్న సంస్థ అది. తెలుగు పాఠకులకు మరో విధంగానూ పరిచితమే. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పని 2005లో దక్కించుకున్నదీ, 2025 ఫిబ్రవరిలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయిన నాడు ఆ పని చేయిస్తున్నదీ ఈ సంస్థే.

ఎక్స్‌ప్రెస్‌వే ఒప్పందంలో రెండు ప్రతిఫలాలున్నాయి. మొదటిది 36 సంవత్సరాల పాటు టోలు వసూలు చేసుకునే హక్కు. రెండవది అసలైనది. రహదారి వెంబడి ఐదు చోట్ల కలిపి 2.5 కోట్ల చదరపు మీటర్ల భూమి, అంటే ఆరువేల ఎకరాలకు పైగా, 90 ఏళ్ల లీజుపై అభివృద్ధి చేసుకునేందుకు. టోలుతో రహదారి ఖర్చు రాదు, భూమితో వస్తుందన్నది లెక్క. మూలాయం సింగ్ యాదవ్ కాలంలో పని నత్తనడక నడిచింది. 2007లో మాయావతి పూర్తి మెజారిటీతో తిరిగి రావడంతో వేగం పుంజుకుంది.

అదే 2007లో, ఫార్ములా వన్ అధిపతి బెర్నీ ఎకిల్‌స్టోన్, భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ కలసి ఢిల్లీలో గ్రాండ్ ప్రి జరుగుతుందని ప్రకటించారు. ట్రాక్ ఎవరు కడతారు? భూమి ఎక్కడిది? రెంటికీ జవాబు అప్పటికే యమున ఒడ్డున సిద్ధంగా ఉంది. జేపీ గ్రూప్ ఒక క్రీడా సంస్థను ఏర్పాటు చేసింది. 2009లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే అభివృద్ధి సంస్థ దానికి ‘ప్రత్యేక అభివృద్ధి మండలం’ పేరిట 1000 హెక్టార్లు కేటాయించింది. సర్క్యూట్‌కు పట్టింది 875 ఎకరాలు. మిగిలిన దాదాపు పదహారు వందల ఎకరాల్లో స్టేడియాలు, విల్లాలు, అపార్టుమెంట్లు, వాటికి ‘స్పోర్ట్స్ సిటీ’ అన్న పేరు. ప్రపంచమంతా టీవీలో చూసే మలుపుల పక్కన ఇల్లు కొనుక్కోండని ప్రకటనలు. ట్రాక్ సొంత రాబడి కన్నా చుట్టుపక్కల ఇళ్ల ధరకు అది తెచ్చే వెలుగే దాని ఉపయోగం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తరువాతి కథలో ఆశ్చర్యపడవలసినవి చాలా తగ్గిపోతాయి.

పోటీ లెక్క చూడండి. ఏటా ఫార్ములా వన్ సంస్థకు చెల్లించవలసిన రుసుము 4 కోట్ల డాలర్లు. టీవీ హక్కుల సొమ్ము ఆ సంస్థదే, ట్రాక్ చుట్టూ ప్రకటనల సొమ్ము దాని అనుబంధ సంస్థలదే. ట్రాక్ కట్టినవాడికి ప్రధానంగా మిగిలేది టిక్కెట్లు. 2011 అక్టోబరు మారకం ధరలో 4 కోట్ల డాలర్లంటే సుమారు 196 కోట్ల రూపాయలు. తొలి పోటీ చూసినవారు సుమారు 95 వేల మంది. ఒక్క రుసుము రాబట్టడానికే ప్రతి ప్రేక్షకుడూ సగటున 20 వేల రూపాయలు కట్టాలి. కనిష్ఠ టిక్కెట్టు ధర 2,500. ట్రాక్ నిర్మాణ వ్యయం, వడ్డీ, నిర్వహణ ఇంకా లెక్కలోకి రానేలేదు. 2013 వేసవి తరువాత రూపాయి పతనమై అదే రుసుము 245 కోట్లు దాటింది. ప్రేక్షకులు మాత్రం రెండో ఏటి నుంచే తగ్గారు. డాలర్లలో చెల్లించి రూపాయల్లో వసూలు చేసుకునే వ్యాపారం ఇది. పన్ను పైసా లేకపోయినా ఇది తనంత తానుగా నిలబడేది కాదు. నిలబెట్టవలసింది ఇళ్ల అమ్మకాలే.

ఈ వ్యవహారమంతటిలో ప్రభుత్వ వ్యవస్థ ఒక్కసారి సూటిగా ప్రశ్న వేసింది. 2009లో నిర్వాహకులు 3.65 కోట్ల డాలర్లు లండన్‌కు పంపడానికి అనుమతి కోరారు. క్రీడ పేరిట అంత విదేశీ మారకం బయటకు వెళ్లాలంటే క్రీడాశాఖ సమ్మతి కావాలి. ఎం.ఎస్. గిల్ మంత్రిగా ఉన్న ఆ శాఖ నిరాకరించింది. ఇది క్రీడ కాదు, వాణిజ్య వినోదమన్నది దాని వైఖరి. కార్ల పందెంలో శారీరక శ్రమ లేదనుకోవడం అజ్ఞానమే. మలుపుల్లో డ్రైవరు మెడపై పడే బరువు తెలిసినవారెవరూ ఆ మాట అనరు. కానీ ఈ పోటీ వల్ల దేశంలో క్రీడకు ఏం ఒనగూరుతుందన్న ప్రశ్న అసందర్భం కాదు.

దాని పర్యవసానం మాత్రం వింతగా పరిణమించింది. కేంద్రం దృష్టిలో ఇది వినోదం, కాబట్టి కార్లు, టైర్లు, పరికరాలు దిగుమతి చేసుకున్నప్పుడు క్రీడా సామగ్రికి ఇచ్చే మినహాయింపు దానంతటది రాదు. రాష్ట్రం దృష్టిలోనేమో ఇది వినోదపు పన్ను వేయకూడనంతటి విశేష కార్యం. మాయావతి ప్రభుత్వం ఆ పన్ను మినహాయించింది. దీనిపై ప్రజాప్రయోజన వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. తొలి పోటీకి కొద్ది రోజుల ముందు కోర్టు టిక్కెట్ల రాబడిలో 25 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచమని ఆదేశించింది. ఇలా ఒకే పోటీ సుంకాల శాఖ ముందు వినోదంగానూ, వినోదపు పన్ను శాఖ ముందు మరొకటిగానూ నిలబడింది.

నేల సంగతికి తిరిగి వద్దాం. ఎక్స్‌ప్రెస్‌వే భూసేకరణ 1894 నాటి చట్టం కింద జరిగింది. రైతు అభ్యంతరాలు వినవలసిన అవసరం లేకుండా చేసే అత్యవసర నిబంధనను ప్రయోగించారు. రహదారితో పాటు పక్కనున్న ఐదు ఖండాల భూమి కూడా ప్రజాప్రయోజనమేనని 2010 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. చట్టం దృష్టిలో వివాదం ముగిసింది గానీ ఊళ్లలో ముగియలేదు. పరిహారం చదరపు మీటరుకు వందల్లో, అదే నేల మీద ఇళ్ల అమ్మకం వేలల్లో. ఈ తేడాను ఏ కోర్టు తీర్పూ రైతుకు అర్థమయ్యేలా చెప్పలేకపోయింది. 2011 మే 7న ఆ జిల్లాలోని భట్టా పార్సౌల్ గ్రామంలో రైతులకు, పోలీసులకు మధ్య జరిగిన ఘర్షణలో ఇద్దరు రైతులు, ఇద్దరు పోలీసులు మరణించారు. నాలుగు రోజుల తరువాత రాహుల్ గాంధీ పోలీసుల కళ్లుగప్పి మోటారు సైకిలు వెనుక కూర్చుని ఆ ఊరు చేరారు. అదే జిల్లాలో, ఆ సమయంలోనే, హెర్మన్ టిల్కే గీసిన 5.125 కిలోమీటర్ల ట్రాక్ పనులు రేయింబవళ్లు సాగుతున్నాయి.

ఆ ఏడాది శరదృతువులో తేదీలను ఒక వరుసలో పెట్టి చూస్తే ఉత్తరప్రదేశ్ రాజకీయం మొత్తం కనిపిస్తుంది. అక్టోబరు 14న మాయావతి నోయిడాలో దళిత ప్రేరణా స్థలాన్ని ప్రారంభించారు. అక్టోబరు 21న అలహాబాద్ హైకోర్టు విస్తృత ధర్మాసనం నోయిడా, గ్రేటర్ నోయిడా గ్రామాల భూసేకరణ కేసుల్లో మూడు గ్రామాల సేకరణను కొట్టివేసి, మిగిలిన రైతులకు 64.7 శాతం అదనపు పరిహారం, అభివృద్ధి చేసిన భూమిలో 10 శాతం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అక్టోబరు 28న గుర్‌గావ్‌లో పోటీ సంబరాల్లో భాగమైన మెటాలికా కచేరీ రద్దయి జనం వేదికను ధ్వంసం చేశారు. ఆ రోజే ట్రాక్‌పై తొలి అభ్యాసానికి ఒక వీధికుక్క అడ్డం వచ్చి కార్లు ఆగిపోయాయి. విదేశీ విలేకరులకు ఆ కుక్క దొరికినంత సులువుగా భట్టా పార్సౌల్ దొరకలేదు. అక్టోబరు 30న పోటీ. సచిన్ టెండూల్కర్ గళ్ల జెండా ఊపాడు. మొదటి నుంచి చివరి దాకా ముందున్న సెబాస్టియన్ వెటెల్‌కు మాయావతి స్వయంగా ట్రోఫీ అందించారు. దేశంలోని అత్యంత సంపన్నులు కూర్చున్న చోట, బుద్ధుని పేరు పెట్టుకున్న మైదానంలో, ఒక దళిత మహిళ బహుమతి ఇవ్వడంలోని ప్రతీకను తేలిగ్గా తీసివేయనక్కరలేదు. ఆమె అనుచరులకు అది గర్వకారణమే. అయితే అక్కడ నేల కోల్పోయినవారిలో పెద్ద రైతులే కాదు, ఆ పొలాల్లో కూలి చేసుకున్న భూమిలేని దళితులూ ఉన్నారు. కూలివారికి ఏ పరిహారమూ ఆ చట్టంలో లేదు.

క్రీడాశాఖ మంత్రి అజయ్ మాకెన్ ఆ పోటీకి దూరంగా ఉన్నారు. పి.టి. ఉష ఈ ఖర్చును బాహాటంగా విమర్శించారు. ట్రాక్ మీద మాత్రం ఏ లోపమూ లేదు. ఈ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఎత్తుపల్లాలతో, వేగవంతమైన మలుపులతో ఉన్న ఆ ట్రాక్‌ను డ్రైవర్లు మెచ్చుకున్నారు. అంతకు ముందరి ఏడాదే కామన్వెల్త్ క్రీడల కుంభకోణంతో దేశం తలదించుకుంది, కల్మాడీని 2011 ఏప్రిల్‌లో సీబీఐ అరెస్టు చేసింది. (ఆ క్రీడలకు సంబంధించిన ఒక కేసులో దర్యాప్తు సంస్థ మూసివేత నివేదికను 2025లో ఢిల్లీ కోర్టు ఆమోదించడం వేరే సంగతి.) ప్రభుత్వం చేయలేనిది ప్రైవేటు సంస్థ చేసి చూపిందన్న పోలిక పత్రికల నిండా వచ్చింది. ఆ ‘ప్రైవేటు’ కింద ఉన్న నేలను సేకరించి ఇచ్చింది ప్రభుత్వమేనన్న విషయం ఆ వ్యాసాల్లో చాలావాటికి గుర్తుకు రాలేదు.

ఆనాటి మరో గర్వకారణం ఫోర్స్ ఇండియా జట్టు. 2007లో మాల్యా కొన్న ఆ జట్టులో 2011 అక్టోబరులో సహారా గ్రూప్ 10 కోట్ల డాలర్లకు 42.5 శాతం వాటా తీసుకుంది. జట్టు ఇంగ్లండులో ఉండేది, డ్రైవర్లు విదేశీయులు, రంగులు మాత్రం మనవి. రెండో పోటీకి ఎనిమిది రోజుల ముందు, 2012 అక్టోబరు 20న, కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ లైసెన్సును విమానయాన నియంత్రణ సంస్థ నిలిపివేసింది. నెలల తరబడి జీతాల్లేని ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు. వాళ్ల యజమాని జట్టు మాత్రం గ్రేటర్ నోయిడాలో పరుగు పెట్టింది. 2014 ఫిబ్రవరిలో సహారా అధినేత సుబ్రతా రాయ్ అరెస్టయ్యారు. 2016 మార్చిలో మాల్యా దేశం విడిచారు. 2018లో జట్టు దివాలా తీసి చేతులు మారింది. బ్యాంకుల అప్పు మీద నడిచిన ఆ దశాబ్దపు ఆర్భాటానికి ఇంతకంటే వివరమైన పద్దు పుస్తకం మరొకటి దొరకదు.

పోటీలు మూడింటినీ వెటెలే గెలిచాడు. మూడో ఏడు ఆ గెలుపుతోనే వరుసగా నాలుగో ప్రపంచ టైటిల్ ఖాయం చేసుకుని, స్టాండ్ల ముందు కారును గిరగిరా తిప్పి, దిగి దానికి నమస్కరించాడు. నిబంధన అతిక్రమించినందుకు జట్టుకు 25 వేల యూరోల జరిమానా పడింది. అంతకు ముందే 2014 క్యాలెండరు నుంచి భారత్ పేరు తొలగిపోయింది. తేదీ మార్చి 2015లో మళ్లీ జరుపుతామన్న మాట మాటగానే మిగిలింది. అదే 2013లో దక్షిణ కొరియా గ్రాండ్ ప్రి కూడా నాలుగు పోటీలతో ముగిసిపోయింది. అంతకు రెండేళ్ల ముందు టర్కీది. అవీ టిల్కే గీసిన ట్రాకులే, అక్కడా భరించలేనిది రుసుమే. భారత పన్నుల అధికారులు యెయోంగామ్‌కు, ఇస్తాంబుల్‌కు వెళ్లలేదు కదా!

ఆ 2013లోనే పార్లమెంటు కొత్త భూసేకరణ చట్టాన్ని ఆమోదించింది. ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం భూయజమానుల సమ్మతి, పల్లెల్లో మార్కెట్ ధరకు రెండు నుంచి నాలుగు రెట్ల పరిహారం, కూలీలకూ పునరావాస హక్కు అందులోకి వచ్చాయి. భట్టా పార్సౌల్ లేకుండా ఆ చట్టం ఆ రూపంలో, ఆ సమయంలో వచ్చేది కాదు. మరోలా చెప్పాలంటే, 2014 జనవరి 1 తరువాత బుద్ధ సర్క్యూట్ వంటిదాన్ని పాత ధరకు కట్టే అవకాశం లేకుండాపోయింది. గ్రాండ్ ప్రి తిరిగి రాకపోవడానికి గల కారణాలను పన్నుల్లో వెదికినవారు ఈ తేదీని కూడా చూడవలసింది.

ఇక ఇళ్లు. ఎక్స్‌ప్రెస్‌వేను 2012 ఆగస్టులో అఖిలేశ్ యాదవ్ ప్రారంభించారు. ఇళ్ల మార్కెట్ ఆ తరువాత చల్లబడింది. అప్పులు మాత్రం వేడిగానే ఉన్నాయి. రహదారి యజమాని అయిన జేపీ ఇన్‌ఫ్రాటెక్ 2017 ఆగస్టులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇరవై వేలకు పైగా కుటుంబాలు కట్టని ఇళ్లకు కిస్తీలు కడుతూ, ఉన్న ఇంటికి అద్దె కడుతూ కోర్టుల చుట్టూ తిరిగాయి. దివాలా స్మృతిలో ఇల్లు కొన్నవారిని కూడా ఆర్థిక రుణదాతలుగా గుర్తిస్తూ 2018లో సవరణ రావడానికి ఈ కొనుగోలుదారుల పోరాటం ఒక ముఖ్య కారణం. మాతృసంస్థ జైప్రకాశ్ అసోసియేట్స్ వంతు 2024 జూన్‌లో వచ్చింది. ఈ మధ్యలో, 2020 ఫిబ్రవరిలో, బకాయిలు చెల్లించలేదని ఆ 1000 హెక్టార్ల కేటాయింపును యమునా అభివృద్ధి సంస్థ రద్దు చేసింది. సర్క్యూట్ కింది నేల కూడా అందులోనిదే. 2025 మార్చిలో అలహాబాద్ హైకోర్టు ఆ రద్దును సమర్థించింది.

ఇన్ని జరిగినా ఆ ట్రాక్ మీద ప్రభుత్వాల మోజు తీరలేదు. 2023 సెప్టెంబరులో యోగి ఆదిత్యనాథ్ ప్రభుత్వం అండతో మోటోజీపీ బైకుల పోటీ ‘భారత్’ పేరిట అక్కడే జరిగింది. ఛాంపియన్ మార్క్ మార్కెజ్‌తో సహా పలువురికి వీసాలు ఆలస్యమయ్యాయి. ప్రసారంలో జమ్మూకశ్మీర్, లద్దాఖ్ లేని భారతదేశ పటం చూపించి నిర్వాహకులు క్షమాపణ చెప్పుకున్నారు. మరుసటి ఏడు పోటీ లేదు. రుసుమే మళ్లీ సమస్య.

హైదరాబాద్ కోరిక కూడా ఇరవై ఏళ్ల తరువాత మరో రూపంలో తీరింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఇక్కడ భూసేకరణ లేదు, ఊరి రోడ్డే ట్రాకు. ఆ మేరకు ఇది గోపనపల్లి కన్నా, గ్రేటర్ నోయిడా కన్నా తెలివైన ఏర్పాటు. కానీ రుసుము ప్రశ్న ఇక్కడా వదల్లేదు. 2023 చివర ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరి పోటీ రద్దయింది. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ నిధుల నుంచి సుమారు 55 కోట్ల రూపాయలు నిబంధనలకు విరుద్ధంగా, ఆర్థికశాఖ అనుమతి లేకుండా నిర్వాహకులకు చెల్లించారన్న ఆరోపణపై 2024 డిసెంబరులో మాజీ మంత్రి కె.టి. రామారావుపై, ఇద్దరు అధికారులపై ఏసీబీ కేసు పెట్టింది. నగర ప్రతిష్ఠ కోసం తీసుకున్న విధాన నిర్ణయమని, ఇది రాజకీయ కక్షసాధింపని ఆయన వాదన. నిజానిజాలు న్యాయస్థానం తేల్చాలి. విచారణలో ఉన్న అంశం మాత్రం 2009లో క్రీడాశాఖ గుమ్మం ముందు నిలిచినదానికి దగ్గరి చుట్టం: ఒక పందెం కోసం ఒక సంస్థ సొమ్ము విదేశీ మారకంలో బయటకు వెళ్లేముందు ఎవరి అనుమతి ఉండాలి?

జైప్రకాశ్ అసోసియేట్స్ ఆస్తుల కోసం అదానీ ఎంటర్‌ప్రైజెస్ ఇచ్చిన ప్రణాళికను 2025 నవంబరులో రుణదాతల కమిటీ ఆమోదించింది. సిమెంటు కర్మాగారాలు, హోటళ్లు, గోల్ఫ్ కోర్సులున్న ఆ సంస్థ చరిత్రలో బుద్ధ సర్క్యూట్ ఒక పద్దు. దాని పక్కన స్పోర్ట్స్ సిటీలో ఇల్లు కొన్నవారు మరో పద్దు. ట్రాక్‌ను ఇప్పటికీ అద్దెకిస్తున్నారు. కార్ల కంపెనీలు కొత్త నమూనాలు పరీక్షించుకుంటాయి, వారాంతాల్లో డబ్బున్నవారు సొంత బండ్లు తెచ్చుకుని గంటల లెక్కన నడుపుకుంటారు. ఫార్ములా వన్ మళ్లీ వస్తుందన్న కబురు ఏడాదికొకసారైనా వినిపిస్తూనే ఉంటుంది.